సక్షన్ హాపర్ డ్రెడ్జర్: డిజైన్ లెక్కల నుంచి హాపర్ ఖాళీ చేసేదాకా

నీటి అడుగున ఉన్న ఇసుకనూ మట్టినీ తవ్వి తీసే ఓడ డ్రెడ్జర్. దాని గురించి మాట వస్తే అందరూ ముందు పంపు ఎంత, పైపు ఎంత అని అడుగుతారు. ఓడ పనితనాన్ని తేల్చేది మాత్రం ఒకే ఒక్క భిన్నం: ఒక ట్రిప్పులో హాపర్‌లో, అంటే తీసిన ఇసుకను నింపుకునే ఓడలోని పెద్ద తొట్టిలో, నిలిచిన ఎండు ఇసుక టన్నులు పైన, ఆ ట్రిప్పుకి పట్టిన మొత్తం నిమిషాలు కింద. డిజైనర్ గీసే గీతలైనా, పైప్ ఆపరేటర్ తిప్పే లీవరైనా ఈ భిన్నాన్ని పెంచడానికే. హాపర్ నిండడం వేరు, ఇసుకతో నిండడం వేరు. ఈ తేడాను పట్టించుకోని ఓడ నీళ్లు మోస్తూ డీజిల్ కాలుస్తుంటుంది.

ఇక్కడ చెప్పుకునేది ట్రెయిలింగ్ సక్షన్ హాపర్ డ్రెడ్జర్ గురించి. నెమ్మదిగా నడుస్తూనే పైపును అడుగున ఈడుస్తుంది, ఇసుకనీ నీటినీ కలిపి పీలుస్తుంది, ఇసుకను హాపర్‌లో పేరనిచ్చి నీటిని బయటికి వదులుతుంది, లోడు అయ్యాక తనే మోసుకెళ్లి పారబోస్తుంది. కట్టర్ సక్షన్ డ్రెడ్జర్ వేరే జాతి. అది స్పడ్ (నేలలోకి దింపే ఉక్కు స్తంభం) మీద నిలబడి, యాంకర్ తాళ్లతో అటూ ఇటూ ఊగుతూ గట్టి నేలనూ రాతినీ కోస్తుంది, చాలావరకు పైప్‌లైన్ ద్వారానే పంపిస్తుంది. ఓడలు తిరిగే దారిలో, అలలున్న చోట, పారబోసే చోటు దూరమైనప్పుడు ట్రెయిలర్‌కి పోటీ లేదు. గట్టిగా బిగిసిన బంకమన్నూ రాయీ దీని పని కాదు.

లెక్కలు పోల్చుకోవడానికి వీలుగా అంతటా ఒకే ఊహా ఓడను తీసుకుందాం. హాపర్ 10,000 ఘనపు మీటర్లు. పొడవు 80 మీటర్లు, వెడల్పు 20. మోయగల లోడు 16,000 టన్నులు. రెండు పక్కలా ఒక్కో మీటరు వ్యాసం ఉన్న సక్షన్ పైపులు.

ముందు ట్రిప్పు, తర్వాతే ఓడ

డిజైన్ మొదలయ్యేది హల్ (ఓడ దేహం) ఆకారంతో కాదు, పని జరిగే చోటుతో. నాలుగు సంగతులు ముందు కాగితం మీద పెట్టాలి: అడుగున ఉన్నది ఏ మట్టి, ఎంత లోతు, పారబోసే చోటు ఎంత దూరం, దారిలో అతి తక్కువ నీటిలోతు ఎంత.

మట్టి రకం హాపర్ సాంద్రతను నిర్ణయిస్తుంది. మోయగల టన్నుల్ని హాపర్ ఘనపరిమాణంతో భాగిస్తే వచ్చే అంకె ఇది. మన ఓడకు 16,000 భాగించు 10,000, అంటే ఘనపు మీటరుకు 1.6 టన్నులు. ఒండ్రు మాత్రమే తీసే ఓడకు 1.2, 1.3 చాలు, ఒండ్రు సరిగా పేరదు కాబట్టి హాపర్ నిండినా బరువు తక్కువే. గులక, ముతక ఇసుక మోసే ఓడకు 1.9 దాకా కావాలి. ఇక్కడ తప్పు లెక్క వేస్తే ఓడ జీవితాంతం అనుభవించాలి. 1.3 ఓడతో ముతక ఇసుక తీస్తే హాపర్ సుమారు మూడింట రెండు వంతులు నిండగానే లోడు గీత మునుగుతుంది. 1.9 ఓడతో ఒండ్రు తీస్తే హాపర్ నిండినా ఓడ తేలికగా తేలుతూ, వాడని ఉక్కునంతా మోసుకు తిరుగుతుంది. అన్ని పనులకూ ఒకటే ఓడ కావాలనుకునేవాళ్లు 1.5 నుంచి 1.7 మధ్య ఆగుతారు.

డ్రెడ్జర్లకు మామూలు సరుకు ఓడలకన్నా లోతుగా మునిగే వీలుంది. దాన్ని డ్రెడ్జింగ్ మార్క్ అంటారు; తగ్గించిన ఫ్రీబోర్డుకు (నీటి మట్టం నుంచి డెక్ దాకా ఉండే ఎత్తుకు) సంబంధించి డీఆర్-68 మార్గదర్శకాలున్నాయి. ఈ సడలింపు వెనుక తర్కం సూటిగానే ఉంటుంది: ప్రమాదం వస్తే ఈ ఓడ అడుగు తలుపులు తెరిచి నిమిషాల్లో లోడు వదిలించుకోగలదు. కాబట్టి బ్రిడ్జి మీంచి, మామూలు కరెంటు పోయినా తలుపులు తెరిచే ఏర్పాటును డిజైన్‌లో చివరికి వదిలేయకూడదు. తలుపుల హైడ్రాలిక్స్ పని చేయకపోతే ఆ లోతులో తేలే హక్కు కూడా లేనట్టే.

పరిమాణానికి పైహద్దు ఎక్కడుందో తెలియాలంటే 2009లో వచ్చిన క్రిస్టోబాల్ కొలోన్‌నూ, ఆ మరుసటి ఏడాది వచ్చిన దాని జంట ఓడ లెయివ్ ఐరిక్సన్‌నూ చూడాలి. ఒక్కో దాని హాపర్ 46,000 ఘనపు మీటర్లు, తవ్వగల లోతు 155 మీటర్లు. అంత ఓడ దూరపు ఇసుకకే గిట్టుబాటు. రేవు మూలల్లో, తక్కువ నీటిలో 3,000 ఘనపు మీటర్ల ఓడే చురుగ్గా తిరుగుతుంది.

హాపర్‌లో ఇసుక పేరాలి

హాపర్ ఒక పెద్ద పేరుడు తొట్టి. లోపలికి వచ్చే ప్రవాహాన్ని హాపర్ పై వైశాల్యంతో భాగిస్తే వచ్చే వేగం కన్నా ఇసుక రేణువు పడే వేగం ఎక్కువుండాలి. లేకపోతే ఆ రేణువు ఓవర్‌ఫ్లోలో కలిసి సముద్రంలోకి పోతుంది.

మన ఓడ లెక్క వేద్దాం. మీటరు పైపులో సెకనుకు 5 మీటర్ల వేగమంటే 3.93 ఘనపు మీటర్లు. రెండు పైపులకు 7.85. హాపర్ వైశాల్యం 1,600 చదరపు మీటర్లు. భాగిస్తే సెకనుకు 4.9 మిల్లీమీటర్లు. 0.2 మిల్లీమీటర్ల ఇసుక నిలకడ నీటిలో సెకనుకు 20 మిల్లీమీటర్లకు పైగా పడుతుంది, దానికి ఇబ్బంది లేదు. 0.1 మిల్లీమీటర్ల సన్న ఇసుక శుభ్రమైన నీటిలోనే 7, 8 మిల్లీమీటర్లు. చిక్కటి మిశ్రమంలో రేణువులు ఒకదానికొకటి అడ్డుపడి ఆ వేగం 5కీ అంతకన్నా కిందికీ జారుతుంది. అంటే రెండు పైపులతో లాగితే సన్న ఇసుకలో పెద్ద భాగం వచ్చిన దారినే పోతుంది. ఒక్క పైపు నడిపితే హాపర్‌లో వేగం 2.45కి తగ్గి అదే ఇసుక నిలుస్తుంది. సన్న ఇసుకలో ఒక పైపు ఆపితే ట్రిప్పు లోడు పెరగడం కొత్త ఆపరేటర్లకు వింతగా ఉంటుంది. ఇందులో వింతేమీ లేదు, ఆ భాగహారమే కారణం.

అందుకే ఒకే ఘనపరిమాణానికి లోతైన ఇరుకు హాపర్ కన్నా పొడవాటి, వెడల్పాటి హాపర్ మంచిది. మిశ్రమం లోపలికి పడేచోట డిఫ్యూజర్ పెట్టి వేగాన్ని చంపాలి, ఓవర్‌ఫ్లో దానికి వీలైనంత దూరంగా ఉండాలి. నాణానికి రెండో వైపు స్టెబిలిటీ: వెడల్పాటి హాపర్‌లో మిశ్రమం ద్రవంలా అటూ ఇటూ ఊగుతుంది. కాబట్టి స్టెబిలిటీ లెక్కలో లోడును గట్టి సరుకుగా చూసి ఊరుకోకూడదు. సాంద్రతను మెట్టుమెట్టుగా మారుస్తూ, ద్రవంగా కూడా లెక్కించాలి.

పీల్చే శక్తికి హద్దు

పంపు ఎంత పెద్దదైనా, పైపులో మిశ్రమాన్ని పైకి నెట్టేది బయటి నీటి పీడనం, దాని మీద గాలి పీడనమే. పంపు ముఖం దగ్గర వాక్యూమ్ సుమారు 80 కిలోపాస్కల్ దాటితే నీరు ఆవిరి బుడగలుగా విచ్చుకుంటుంది, పంపు పట్టు వదిలేస్తుంది. ఈ లెక్క ఒకసారి చేతితో వేసినవాళ్లకు లోతుకి ఎందుకు భయపడాలో అర్థమవుతుంది.

పంపు నీటి మట్టానికి 5 మీటర్ల కింద ఓడలో ఉందనుకుందాం. మిశ్రమం సాంద్రత ఘనపు మీటరుకు 1,300 కిలోలు, సముద్రపు నీరు 1,025, వేగం 5 మీటర్లు. పైపు నష్టాలన్నీ కలిపి వేగపు తలకు (మిశ్రమం వేగం వల్ల ఖర్చయ్యే పీడనానికి) మూడు రెట్లు, అంటే సుమారు 49 కిలోపాస్కల్.

తవ్వే లోతు 25 మీటర్లయితే మిశ్రమాన్ని 20 మీటర్లు ఎత్తాలి: 255 కిలోపాస్కల్. బయటి నీరు ఇచ్చేది 251. తేడా 4, నష్టాలు 49, మొత్తం వాక్యూమ్ 53. హాయిగా నడుస్తుంది.

లోతు 40 మీటర్లయితే ఎత్తాల్సింది 35 మీటర్లు: 446. బయటి నీరు 402. తేడా 44, నష్టాలతో కలిపి 93. హద్దు దాటేసింది. 80 దగ్గర ఆగాలంటే సాంద్రతను 1,266కి దించాలి. 60 మీటర్ల లోతులో అదే పంపుతో 1,184కి మించి రాదు. నేలలో ఉన్న ఇసుక సాంద్రత 1,950 అనుకుంటే, పైపులో వచ్చేదానిలో ఆ ఇసుక వాటా 1,300 దగ్గర 30 శాతం, 1,184 దగ్గర 17 శాతం. లోతు పెరిగేసరికి ఉత్పత్తి దాదాపు సగమైపోయింది.

మందు ఒక్కటే: పంపును కిందికి దించడం. సక్షన్ పైపు మధ్యలో 30 మీటర్ల లోతున నీళ్లలో మునిగి పనిచేసే పంపు పెడితే 60 మీటర్ల తవ్వకంలో కూడా పంపు ముఖం దగ్గర వాక్యూమ్ బదులు పీడనమే మిగులుతుంది. అప్పుడు సాంద్రతకు హద్దు పీల్చడం నుంచి డ్రాగ్‌హెడ్ (పైపు కింది కొసన నేలను గీకే తల) తవ్వే శక్తికి మారుతుంది. దీని ఖర్చు బరువైన పైపు, బలమైన గ్యాంట్రీలు (పైపును ఎత్తి దించే డెక్ మీది చట్రాలు), నీళ్లలో పనిచేసే మోటారు. 30 మీటర్లలోపు పనులే ఉన్న ఓడకు ఈ హంగులు దండగ. ఓడలోని పంపును వీలైనంత కిందికి, సక్షన్ నోటికి దగ్గరగా పెట్టుకుంటే సరిపోతుంది.

ఉత్పత్తి అంచనా కూడా ఇక్కడే తేలుతుంది. ఒక పైపు, 5 మీటర్ల వేగం, 1,300 సాంద్రత: గంటకు 14,100 ఘనపు మీటర్ల మిశ్రమం, అందులో నేలలోని కొలతలో సుమారు 4,200 ఘనపు మీటర్ల ఇసుక. ఈ 1,300 మంచి క్షణాల అంకె. మలుపులూ, గట్లూ గుంతలూ కలుపుకుంటే లోడింగ్ మొత్తానికి సగటు 1,200 అనుకోవడం నిజాయితీ.

పైపు, డ్రాగ్‌హెడ్, పవర్

పైపు పై కొస ట్రనియన్ (పైపు తిరిగే ఇరుసు) దగ్గర హల్ పక్క గైడ్లలో జారి సక్షన్ నోటికి అతుక్కుంటుంది. మధ్యలో కార్డాన్ కీలు, రబ్బరు గొట్టం, కింద డ్రాగ్‌హెడ్. మూడు గ్యాంట్రీలు, మూడు వించ్‌లు. డ్రాగ్‌హెడ్ వించ్ తాడు మీద స్వెల్ కాంపెన్సేటర్ ఉంటుంది: నత్రజని నింపిన సీసాలతో కలిపిన హైడ్రాలిక్ సిలిండర్. ఓడ అల మీద లేచినా కూలినా డ్రాగ్‌హెడ్ నేలను వదలకుండా, నేలలోకి దిగబడకుండా చూసేది ఇదే. దాని పీడనం డ్రాగ్‌హెడ్ బరువులో కొంత మోసేలా అమర్చాలి. మెత్తటి ఒండ్రులో ఎక్కువ బరువు మోయించాలి, లేదంటే తల మునిగిపోయి నీటి దారి మూసుకుంటుంది. గట్టి ఇసుకలో తక్కువ మోయిస్తే పళ్లు దిగుతాయి.

డ్రాగ్‌హెడ్ ఇసుకను రెండు విధాలా వదులు చేస్తుంది. జెట్ నీరు రేణువుల మధ్య దూరి పట్టు విప్పుతుంది, వైజర్‌కున్న (తల వెనక కీలు మీద కదిలే మూతకున్న) పళ్లు గీకుతాయి. బిగిసిన సన్న ఇసుకలో జెట్ లేకుండా పళ్లతో మాత్రమే తవ్వబోతే తల ఈడ్చుకుపోతుంది గానీ ఇసుక రాదు. కదిలేటప్పుడు రేణువుల మధ్య ఖాళీలు పెరగాలి, ఆ ఖాళీల్లోకి నీరు చొరబడేదాకా ఇసుక మరింత బిగుసుకుంటుంది. మెత్తటి ఒండ్రులో జెట్ కట్టేయడమే మేలు, ఉన్న సాంద్రతను పలుచన చేస్తుంది.

తల ఎంత పొర తీస్తుందో చూద్దాం. 4,200 ఘనపు మీటర్లు గంటకంటే సెకనుకు 1.17. ఓడ నేల మీద సెకనుకు 1.2 మీటర్లు, అంటే రెండు నాట్లకు కాస్త పైన నడుస్తూ, తల వెడల్పు 4 మీటర్లయితే పొర మందం 24 సెంటీమీటర్లు. ఓడ వేగం పెంచితే పొర పలచనవుతుంది గానీ ఉత్పత్తి పెరగదు, ఇంధనం మాత్రం పెరుగుతుంది. సాధారణంగా రెండు నుంచి మూడు నాట్ల మధ్య పని జరుగుతుంది.

ఇంజన్ పవర్‌ను పంచడం ఈ ఓడలో తలనొప్పి. ట్రెయిలింగ్‌లో ప్రొపెల్లర్, డ్రెడ్జ్ పంపు, జెట్ పంపు మూడూ ఒకేసారి లాగుతాయి. ప్రయాణంలో ప్రొపెల్లర్ ఒక్కటే, ఒడ్డుకు పంపేటప్పుడు పంపులే. ఒకే ఇంజన్‌తో ప్రొపెల్లర్‌నూ పంపునూ నడిపితే కంట్రోలబుల్ పిచ్ ప్రొపెల్లర్ (రెక్కల కోణం మార్చగలిగేది) తప్పనిసరి, ఎందుకంటే షాఫ్ట్ తిరుగుడు మార్చకుండానే తోపు మార్చాలి. తక్కువ వేగంలో ఎక్కువ తోపు కావాలి గనుక ప్రొపెల్లర్ చుట్టూ నాజిల్ (గొట్టపు వలయం) కూడా ఉండాలి. డీజిల్ ఎలక్ట్రిక్ పద్ధతిలో పంపు వేగాన్ని స్వేచ్ఛగా మార్చుకోవచ్చు, మార్పిడి నష్టాలు భరించాలి. పంపు వేగం మార్చలేని ఓడతో ఒడ్డుకు పంపే పని పెట్టుకుంటే, పైప్‌లైన్ పొడవు మారిన ప్రతిసారీ ఇంపెల్లర్ మార్చడమో వాల్వు బిగించి శక్తి వృథా చేయడమో చేయాలి.

పైపు దించే వరుస

ఈ వరుసను తారుమారు చేస్తే పైపు వంగుతుంది, తాడు తెగుతుంది, లేదా ఇసుకతో పైపు మూసుకుపోతుంది.

1. తవ్వాల్సిన లైనుకు చేరకముందే వేగం మూడు నాట్ల లోపుకి దించండి. గాలీ ప్రవాహమూ ఏ పక్క నుంచి నెడుతున్నాయో చూడండి. ఒక్క పైపే వాడుతుంటే అవి వచ్చే పక్క పైపునే దించండి. అప్పుడు ఓడ పైపుకు దూరంగా జరుగుతుంది. రెండో పక్కదైతే ఓడ పైపు మీదికెక్కుతుంది.

2. గ్లాండ్ నీరు ముందు. పంపు షాఫ్ట్ సీలుకి వెళ్లే శుభ్రమైన నీటి పీడనం పంపు పీడనం కన్నా కనీసం ఒక బార్ ఎక్కువుండాలి. ఇది లేకుండా పంపు తిప్పితే ఇసుక సీలులోకి దూరి షాఫ్ట్ స్లీవ్‌ను తినేస్తుంది.

3. మూడు గ్యాంట్రీలనూ కలిపి పైపును సమంగా ఎత్తి, లాక్‌లు తీసి, బయటికి తిప్పండి. మూడూ చివరికంటా వచ్చాయని సిగ్నల్ చూశాకే దించడం మొదలుపెట్టండి.

4. మూడు వించ్‌లనూ సమంగా దించుతూ ట్రనియన్‌ను గైడ్లలో సక్షన్ నోటి దాకా తీసుకురండి. అది స్టాపర్ మీద కూర్చోగానే వించ్ తాడు కాస్త వదులవుతుంది, ఇండికేటర్ వెలుగుతుంది. ఈ రెండూ కనబడాలి. అర అంగుళం పైన ఆగినా సీలు పక్కనుంచి నీరు దూరి, రోజంతా సాంద్రత ఎందుకు రావడం లేదో అర్థం కాదు.

5. మధ్య వించ్, డ్రాగ్‌హెడ్ వించ్ దించండి. కింది పైపు ఎప్పుడూ పై పైపు కన్నా మరీ నిటారుగా ఉండకూడదు. కార్డాన్ కోణం హద్దు తెర మీద కనిపిస్తుంది.

6. తల నేలకు నాలుగైదు మీటర్ల పైన ఉండగా పంపు స్టార్ట్ చేయండి. శుభ్రమైన నీటితో వేగం నిలబడనివ్వండి. ఈ నీరు హాపర్‌లోకి కాదు, ఓడ బయటికి.

7. జెట్ తెరిచి, తలను నెమ్మదిగా నేలకు తాకించండి. తాడు బరువు ఒక్కసారి పడిపోతుంది, కాంపెన్సేటర్ సిలిండర్ సగానికి వస్తుంది. అక్కడే ఆపండి. సిలిండర్ ఒక కొసకి వెళ్లిపోతే అల వచ్చినప్పుడు దానికి కదిలే చోటుండదు.

8. సాంద్రత 1,100 దాటాక బయటి వాల్వు మూసి హాపర్ వాల్వు తెరవండి. చాలా ఓడల్లో పలుచటి మిశ్రమాన్ని తనంతట తనే బయటికి మళ్లించే ఏర్పాటు ఉంటుంది. ఆ హద్దును మట్టిని బట్టి మార్చుకోండి. ఒండ్రులో 1,100 అసలు రాకపోవచ్చు.

పైకి తీసేటప్పుడు ముందు తలను నేల నుంచి లేపండి. పంపు ఆపొద్దు. రెండు మూడు నిమిషాలు శుభ్రమైన నీరు లాగి పైపు కడిగాకే ఆపాలి. ఇసుక నిండిన పైపులో పంపు ఆపితే అదంతా జారి కిందికి చేరి తలను మూసేస్తుంది, పంపు కడుపులో కూడా గట్టిపడుతుంది.

పైపు నేల మీదుండగా ఓడను వెనక్కి నడపొద్దు. పదునుగా తిప్పొద్దు. మలుపుల్లో తల నేల వదిలేదాకా లేపితే చాలు, పైపునంతా తీయనక్కర్లేదు.

మూడు గేజీలు కలిపి చదవడం

నడుస్తున్నప్పుడు చూడాల్సినవి వాక్యూమ్, సాంద్రత, వేగం. విడివిడిగా చూస్తే ఏదీ పూర్తిగా చెప్పదు.

వాక్యూమ్ ఎక్కువ, సాంద్రత ఎక్కువ, వేగం తగ్గుతోంది: మంచి సమస్యే, మిశ్రమం అతి చిక్కగా వస్తోంది. వైజర్ కాస్త లేపండి, లేదా నీటి వాల్వు తెరవండి. ఆలస్యమైతే పంపు గులకరాళ్లు కలిపినట్టు గడగడలాడుతుంది. అది కావిటేషన్.

వాక్యూమ్ ఎక్కువ, సాంద్రత తక్కువ: తల మూసుకుపోయింది. బంకమన్ను ముద్దో, తాడో, వలో, టైరో గ్రిడ్‌కి అడ్డం పడింది. వేగం పెంచి ప్రయోజనం లేదు. తల లేపి, జెట్‌తో కడగాలి; పోకపోతే డెక్ మీదికి తీయాలి. తీసేముందు జెట్ పంపు, డ్రెడ్జ్ పంపు రెండూ ఆపి లాక్ చేశాకే గ్రిడ్‌లో చేయి పెట్టాలి.

వాక్యూమ్ తక్కువ, సాంద్రత తక్కువ, వేగం ఎక్కువ: తల నేల మీద లేదు, గుంత మీదుగా పోతోంది. లేదా రబ్బరు గొట్టం చీలింది, లేదా ట్రనియన్ సీలు కారుతోంది. తాడు బరువు చూడండి. తల నేల మీదే ఉందని తాడు చెబుతుంటే కారుడు పైపులోనే ఉంది.

వాక్యూమ్ ఊగిసలాడుతూ పంపు పట్టు జారుతుంటే, కుళ్లిన సేంద్రియ పదార్థం ఉన్న ఒండ్రులో గ్యాస్ వస్తోందన్నమాట. డీగ్యాసింగ్ ఏర్పాటు లేని ఓడలో వేగం తగ్గించడం తప్ప వేరే దారి లేదు.

సాంద్రత మీటరు గామా కిరణాలతో, సీజియం-137 లాంటి మూలంతో పనిచేస్తుంది. వారానికోసారి శుభ్రమైన సముద్రపు నీరు లాగుతూ అది 1,025 చుట్టుపక్కల చూపుతుందో లేదో సరిచూడండి. ఆ పైపు దగ్గర ఏ మరమ్మతు చేయాలన్నా ముందు షట్టర్ మూసి తాళం వేయాలి.

ఒకే గాడిలో మళ్లీ మళ్లీ తిరగడం తరచుగా జరిగే పొరపాటు. తల తనంతట తాను పాత కాలువలోకి జారుతుంది, పక్కన గట్లు మిగులుతాయి. మొదట ఎత్తైన చోట్లు కోసేయండి, తర్వాత ట్రాక్ తెర మీద లైన్లను తల వెడల్పులో సగం చొప్పున జరుపుతూ పోండి. తల లోతును ఆటుపోటుతో సరిచేసి చూపిస్తోందా అన్నది షిఫ్టు మొదట్లోనే చూసుకోవాలి. ఒక అడుగు ఎక్కువ తవ్వితే ఆ ఇసుకకు డబ్బులు ఎవరూ ఇవ్వరు.

ఓవర్‌ఫ్లో: ఎప్పుడు ఆపాలి

7.85 ఘనపు మీటర్లు సెకనుకు వస్తుంటే మన హాపర్ 21 నిమిషాల్లో అంచుదాకా నిండుతుంది. సగటు 1,200 సాంద్రతకు అందులో ఎండు ఇసుక సుమారు 2,850 టన్నులే. మిగతాదంతా నీరు. ఆ నీటిని పైనుంచి పోనిస్తూ ఇసుకను పేర్చుకోవడమే ఓవర్‌ఫ్లో పని.

లోడు గీత తాకే దశలో, అంటే హాపర్‌లో 10,000 ఘనపు మీటర్లు, 16,000 టన్నులు ఉన్నప్పుడు ఎండు ఇసుక ఎంత? మొత్తం బరువులోంచి అంత ఘనపరిమాణం నీటి బరువు తీసేయండి: 16,000 తీసివేత 10,250, అంటే 5,750. ఇసుక రేణువు సాంద్రత 2.65, అందులోంచి నీటిది 1.025 తీసేస్తే 1.625; ఆ 5,750ని 1.625తో భాగించి 2.65తో గుణిస్తే 9,380 టన్నులు. ఇప్పుడు ఓవర్‌ఫ్లో గొట్టాన్ని కిందికి దించుతూ, ఓడ లోతు మారకుండా నీటిని వదిలి ఇసుక నింపండి. హాపర్ మట్టం 9,000 ఘనపు మీటర్లకు దిగేసరికి అదే 16,000 టన్నుల్లో ఎండు ఇసుక 11,050 టన్నులు. ఓడ ఒక్క సెంటీమీటరు ఎక్కువ మునగలేదు, ఇసుక 1,670 టన్నులు పెరిగింది. స్థిర టన్నేజీ పద్ధతి అంటే ఇదే. ఓవర్‌ఫ్లో ఎత్తు మార్చలేని ఓడకు ఈ వరం లేదు.

అయితే చివరి టన్నులు నెమ్మదిగా వస్తాయి. ఇసుక మట్టం పెరిగేకొద్దీ పైన నీటి పొర పలచనై, ప్రవాహం వేగమై, ఇసుక ఓవర్‌ఫ్లోలోకి కొట్టుకుపోతుంది. ఉదాహరణకు ఒక లోడింగ్ ఇలా నడిచిందనుకోండి: 60 నిమిషాలకు 7,000 టన్నులు, 90కి 9,500, 120కి 10,800, 150కి 11,200.

రాకపోకలు, పారబోత కలిపి 40 నిమిషాలైతే 60వ నిమిషంలో ఆపినప్పుడు ట్రిప్పు సగటు నిమిషానికి 70 టన్నులు, 90లో 73, 120లో 67.5. తొంభై దాటకూడదు. అదే రాకపోకలు 300 నిమిషాలైతే 90లో 24.4, 120లో 25.7, 150లో 24.9. దూరం ఎక్కువైతే ఇంకో అరగంట నింపడం లాభం. ఈ వంపును ప్రతి ఇసుకకూ కొత్తగా గీసుకోవాలి. పాత చోటి అంకెలు కొత్త చోట పనికిరావు. ఒండ్రులో వంపు త్వరగా చదునవుతుంది కాబట్టి చాలాసార్లు ఓవర్‌ఫ్లో మొదలవగానే ఆపేయడమే సరి.

ఓవర్‌ఫ్లో గొట్టంలో నీరు గాలిని లాక్కుంటూ పడితే ఆ బుడగలు సన్న మట్టిని పైకి తేల్చి దూరం దాకా మబ్బులా పరుస్తాయి. గొట్టంలోని పర్యావరణ వాల్వును కాస్త మూసి నీటి మట్టం నిలబెడితే గాలి దూరదు, మట్టి ఓడ కిందికే దిగుతుంది. పగడాలో, చేపల గుడ్లో ఉన్న చోట కొన్నిసార్లు అసలు ఓవర్‌ఫ్లోనే నిషేధిస్తారు. అప్పుడు ట్రిప్పు లెక్క మొత్తం మొదటి నుంచి వేసుకోవాలి.

ఖాళీ చేయడం

అడుగు తలుపులు తెరవడం పది నిమిషాల పనే, తొందరపడితే మాత్రం ప్రమాదం. కిందికి తెరుచుకునే తలుపులకు కీలు కింద చోటు కావాలి. లోతు తక్కువైన చోట తెరిస్తే తలుపు తాను పోసిన కుప్ప మీదే కూర్చుని మూసుకోదు. అలాంటి చోట్లకు కోన్ వాల్వులో, జారుడు తలుపులో ఉన్న ఓడ కావాలి. తలుపులను రెండు పక్కలా జంటగా, మధ్య నుంచి మొదలుపెట్టి తెరవండి. ఒక పక్క ఇసుక జారి రెండో పక్క అంటుకుపోతే ఓడ ఒరుగుతుంది. బిగిసిన సన్న ఇసుక కమానులా నిలబడిపోయి తలుపు తెరిచినా పడదు. హాపర్ జెట్లు ముందే తెరిచి తడిపితే కదులుతుంది. రెండుగా విచ్చుకునే స్ప్లిట్ హల్ ఓడల్లో ఇలాంటి ఒరుగుడు మరింత చేటు.

ఒడ్డుకు పంపాలంటే ఓడ ముక్కున ఉండే బో కప్లింగ్‌కి తేలే పైప్‌లైన్ కలిపి, ముందు నీటితో లైను నింపాలి. గాలి మిగిలితే పీడనం ఎగిరిపడి గొట్టాలు విరుగుతాయి. తర్వాత హాపర్ అడుగు కాలువలోకి జెట్లతో ఇసుకను కరిగిస్తూ ఒక్కో పై తలుపు తెరవాలి. లైనులో వేగం ప్రాణం. 80 సెంటీమీటర్ల పైపులో మధ్యరకం ఇసుక పేరకుండా సాగాలంటే సెకనుకు సుమారు 5 మీటర్లు, ముతకదైతే ఇంకా పైన కావాలి. పంపు పీడనం పెరుగుతూ వేగం తగ్గుతోందంటే ఇసుక అడుగున పరుచుకుంటోంది. వెంటనే తలుపులు మూసి నీరు మాత్రం పంపండి. లైను పూర్తిగా మూసుకుపోయాక తెరవాలంటే పైపులు విప్పడమే. ముగించేటప్పుడు లైను మొత్తం పొడవుకు సరిపడా నీరు పోయేదాకా పంపు ఆపొద్దు.

రెయిన్‌బోయింగ్‌కి, అంటే ఇసుక మిశ్రమాన్ని ఇంద్రధనుస్సులా వంపుగా ముందుకు చిమ్మడానికి, ముక్కున నాజిల్ చాలు, పైప్‌లైన్ అక్కర్లేదు. కానీ ఎదురుగాలిలో సన్న ఇసుక తిరిగి డెక్ మీదే పడుతుంది, ముక్కు కింద కుప్ప పెరుగుతూ ఓడను తాకుతుంది. ఆటు దిగుతున్న వేళ అక్కడ ఎక్కువసేపు నిలబడొద్దు.

అరుగుదల

ఇసుక అన్నిటినీ తింటుంది, ఒకే తీరున కాదు. పంపు లోపల ఇంపెల్లర్‌కీ వేర్ ప్లేటుకీ మధ్య ఖాళీ పెరిగితే మిశ్రమం వెనక్కి తిరిగి, అదే పవర్‌కు వేగం తగ్గుతుంది. పంపు కేసింగ్ మందాన్ని అల్ట్రాసోనిక్ గేజీతో ఒకే గుర్తుల దగ్గర కొలిచి రాసుకోండి. అరుగుడు మొదట కనబడేది నీరు బయటికి మళ్లే ముక్కు దగ్గర. డెక్ మీద అడ్డంగా పోయే పైపులు అడుగున అరుగుతాయి కాబట్టి కొంత పనయ్యాక మూడో వంతు చుట్టు తిప్పి బిగిస్తే ఒకే పైపు మూడు జీవితాలు బతుకుతుంది. వంపుల్లో అరిగేది బయటి అంచు, అక్కడ తిప్పి లాభం లేదు. మందమైన పోత వంపులే వేయాలి.

డ్రాగ్‌హెడ్ పళ్లు మొండిబారితే వాక్యూమ్ తక్కువగా, సాంద్రత తక్కువగా, ఓడ మాత్రం బరువుగా లాగుతుంది. పైపు డెక్ మీదికొచ్చిన ప్రతిసారీ పళ్లూ, అడుగు ప్లేట్లూ, జెట్ నాజిళ్లూ చూసేయండి. ఒక నాజిల్ ఊడిపోతే జెట్ పీడనం మొత్తానికీ పడిపోతుంది. అడుగు తలుపుల సీలు కారుతోందా అని తెలుసుకోవడానికి లోడుతో ప్రయాణం మొదట్లో, చివర్లో ఓడ లోతు చదవండి. ఇంధనం ఖర్చు కన్నా ఎక్కువగా ఓడ పైకి లేచిందంటే దారి పొడుగునా ఇసుక కారుతోంది. ఏ తలుపుదో తెలియాలంటే ఖాళీ హాపర్ నుంచి నీటిని బయటికి తోడి, తిరిగి ఎక్కడ ఊరుతోందో పైనుంచి లైటు వేసి చూడాలి.